డిక్కీలో వాసన

ఒబెంగ్ పెదనాన్న కారు డిక్కీకి సెంటు కొడుతున్నాడు. అమ్మా నేనూ నడవా దాటి పెద్ద వాకిట్లోకి వచ్చేసరికి డిక్కీ మూత ఎత్తి, తల లోపలికి దూర్చి, బుస్సు బుస్సుమని సీసా ఖాళీ చేస్తున్నాడు. మా కుమాసీ ఊరి ఎండకి ఆ సెంటు కంపు వాకిలంతా కమ్ముకుంది. రెండు చేతుల్లో వేరుశనగ పులుసు గిన్నె ఉండటంతో ముక్కు మూసుకునే వీలు కూడా లేకపోయింది.

"వచ్చారా? ఆ గిన్నె లోపల పెట్టు. కారు కొనే ఆవిడొచ్చే టైమైంది. అవేం చెప్పులే అఫ్రియే, మంచివి దొరకలేదా? ఫొటోలు తీస్తారని చెప్పానా లేదా?"

"మేం ఫొటోల కోసం రాలేదు పెదనాన్నా."

"దేనికొస్తే ఏం లే. కాస్త నవ్వుమొహం పెట్టుకుని నిలబడు. మీ అమ్మకీ చెప్పు."

ఈ మనిషిని పెదనాన్న అని పిలిచిన ప్రతిసారీ నాకు నోరు పుక్కిలించుకోవాలనిపిస్తుంది. మా అమ్మకి మేనత్త కొడుకు, వరసకి బావ. అమ్మ నా పక్కనే నిలబడి ఉన్నా ఆమెతో నేరుగా మాట్లాడడు. మాట్లాడే మొహం ఉంటే కదా.

మాలో మగవాడి సొమ్ము అతని పిల్లలకి రాదు, అక్కచెల్లెళ్ళ పిల్లలకి పోతుంది. దాని మీద నాకేం ఏడుపు లేదు, మా మేనమామల సొమ్ము మేమూ తిన్నాం. కానీ ఆడదాని సొమ్ము ఆమె కూతుళ్ళది. అదీ మా పద్ధతే. ఈ పెజో కారు కాగితాల మీద మా అంపోఫో తాతది. కొన్నది మాత్రం ఆయన భార్య, మా అమ్మ తల్లి సెర్వా అవ్వ. పెద్ద బజారులో ఎండుచేపల బుట్టల ముందు కూర్చుని, ఈగలు తోలుకుంటూ కూడబెట్టిన సొమ్ముతో కొంది. చేపలమ్మే ఆడమనిషి వచ్చి కారు కావాలంటే షాపులో నవ్వారట. అందుకని మొగుణ్ణి వెంటబెట్టుకెళ్ళింది, కాగితాల్లో ఆయన పేరు పడింది. అప్పటినుంచీ స్టీరింగు దగ్గర తాత, వెనక సీట్లో అవ్వ, డిక్కీలో చేపల బుట్టలు.

తాత పోయాక దినాలు అయ్యీ అవకముందే ఒబెంగ్ పెదనాన్న తాళాలు అడిగాడు. మామయ్య కారు మేనల్లుడిది అన్నాడు. అసలు సంగతి తెలిసిన పెద్దలందరూ నేల చూపులు చూశారు. అవ్వ తాళాలు తీసి ఇచ్చేసింది.

కారుని బాగా చూసుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మీగడ రంగు ఒక్కచోట కూడా పెచ్చు లేవలేదు. సీట్లు, గడియారం, రేడియో మీటలు అన్నీ షాపులోంచి వచ్చినవే. వానలో బయటికి తియ్యడు, ఎర్రమట్టి రోడ్డెక్కించడు. సొంత తల్లికి వాంతులవుతుంటే సీటు పాడవుతుందని టాక్సీ పిలిచిన మహానుభావుడు. మా అవ్వకి ఊపిరాడని రోజున అమ్మ ఈ వాకిట్లోకే పరిగెత్తుకొచ్చి కారడిగింది. "మబ్బు పట్టింది కదా పోమా, వానొస్తే ఎలా?" అన్నాడు. అవ్వని జనాన్నీ సరుకునీ కుక్కే ట్రోట్రో వ్యానులో, కందగడ్డల బస్తాల మధ్య పడుకోబెట్టి తీసుకెళ్ళాం. ఆసుపత్రి గేటు కనపడకముందే పోయింది. ఆ రోజు వాన పడలేదు.

అప్పటినుంచీ అమ్మకి ఒకటే కోరిక. కారు కాదు. ఆ కారు సెర్వాదని ఈ ఇంటి పెద్దలు నలుగురిలో నోరు తెరిచి అనాలి, అంతే. కారు అమ్మకానికి పెట్టారని, ఇంటి ఆడవాళ్ళు కూడా ఉంటే బావుంటుందని కబురొచ్చినప్పుడు నేను వద్దన్నాను. వాళ్ళ మొహాలు చూస్తేనే రోత అన్నాను.

"అమ్మే ముందు సారా పోస్తారుగా, పద" అంది అమ్మ.

ఇంటి వస్తువు ఇల్లు దాటేటప్పుడు పోయినవాళ్ళకి చెప్పాలి. పెద్దాయన జిన్ను సారా నేల మీద పోస్తూ ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచి చెబుతాడు. ఆ సారా మీద అబద్ధమాడినవాడు ఏడాది తిరగకుండా పోతాడని మా నమ్మకం. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాళ్ళకి కూడా ఆ భయం ఉంది. ఒబెంగ్ పెదనాన్నకి ఇంకాస్త ఎక్కువే ఉంది. అందుకే ఆ పని తన ఇంకో మేనమామ, అంపోఫో తాత తమ్ముడు, వంశపెద్ద అయిన అపియా తాతకి వదిలేశాడు.

కొనే ఆవిడ లాగోస్ నుంచి వచ్చింది. పేరు అడెరోంకె. నీలం తలగుడ్డ ఎత్తుగా చుట్టుకుని, ఎండ లెక్కచెయ్యకుండా దర్జాగా నడిచొచ్చింది. ఆమె హోటలు ముందు పాత కార్లు వరసగా నిలబెట్టి, పక్కన బోర్డు మీద వాటి కథ రాయిస్తుందట. కథ ఎంత గొప్పదైతే ధర అంత ఎక్కువ. ఇంకేం, మా పెదనాన్న ఇంగ్లీషులో కథ విప్పాడు.

"మా మామయ్య కోకో వ్యాపారంలో రాజు మేడమ్. స్వతంత్రం వచ్చిన కొత్తలో మంత్రులు ఊళ్ళోకొస్తే ఈ కారే వెళ్ళాలి. వేరే కారైతే ఎక్కం అనేవాళ్ళు!"

మా తాత కోకో గోదాములో బస్తాలు తూచే గుమస్తా. మంత్రుల్ని ఎప్పుడైనా చూశాడంటే రోడ్డు పక్కన జెండా పట్టుకుని చూసి ఉంటాడు. వాకిట్లో చేరిన చుట్టాలందరూ బుద్ధిగా తలలూపారు. ఒకావిడైతే మంత్రిగారి టోపీ కూడా తనకి గుర్తుందంది. ఛీ, సిగ్గులేని సంత!

అడెరోంకె గారు అద్దాలు చూసింది, తలుపులు వేసి తీసి చప్పుడు విన్నది, తర్వాత డిక్కీ తెరవమంది. మూత లేవగానే ముందు సెంటు గుప్పుమంది. దాని అడుగునుంచి నెమ్మదిగా ఎండుచేపల వాసన లేచింది.

"ఇదేం వాసన?" అంది ముక్కు చిట్లించి.

"పాత తోలు మేడమ్. ఫ్రెంచి తోలు. అలాగే ఉంటుంది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది మా అవ్వ వాసన. చిన్నప్పుడు ఆమె వీపు మీద గుడ్డలో కట్టించుకుని నిద్రపోయినప్పటి వాసన. పెదనాన్న అన్నేళ్ళు తుడిచినా, కడిగినా పోలేదు. కంపు కొట్టింది ఆ పైపై సెంటే.

అపియా తాత చెప్పులు విడిచాడు. భుజం మీది బట్ట నడుముకి జార్చి, గ్లాసులో సారా పోసుకుని కారు ముందు నిలబడ్డాడు. ఆవిడ ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టి, ఆయనేమంటున్నాడో చెబుతూ ఉండమంది. ఆవిడకి మా ట్వి భాష రాదు. పెదనాన్న సంబరంగా ఆవిడ పక్కన చేరాడు.

"పైనున్న దేవుడా, నీకు చూపిస్తున్నాను. గురువారం పుట్టిన భూదేవీ, ఇదిగో తాగు" అన్నాడు తాత.

"నిజం, నిజం" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

"అంపోఫో అన్నా, తాగు. నువ్వు నడిపిన కారు ఇవాళ ఇల్లు దాటుతోంది."

"'మహానుభావా, నీ రథం వెళ్ళిపోతోంది' అంటున్నారు మేడమ్" అన్నాడు పెదనాన్న ఇంగ్లీషులో.

తాత ఆగాడు. గ్లాసు వంక చూసుకున్నాడు. మా అమ్మ వైపు చూడలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"సెర్వా వదినా, తాగు. చేపలమ్మి నువ్వు కొన్న కారు ఇది. నీ చేతిలోంచి మేం లాక్కున్నాం. నీకు ప్రాణం మీదికొచ్చిన రోజున ఇవ్వలేదు. నోరు మూసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మా మీద కోపం పెట్టుకోకు. పిల్లల్నేం చెయ్యకు."

నిజం అనబోయినవాళ్ళ నోళ్ళు సగంలో ఆగిపోయాయి. మంత్రిగారి టోపీ గుర్తున్న ఆవిడ తలుపు చాటుకి తప్పుకుంది.

పెదనాన్న రెప్ప కూడా వెయ్యలేదు. "'ఈ కారెక్కిన మంత్రులందరి ఆత్మలకీ శాంతి కలగాలి' అంటున్నారు మేడమ్."

చచ్చిపోయిన మనిషికి క్షమాపణ చెబుతుంటే దాన్ని కూడా బేరంలో కలిపేశాడు! మిగిలిన సారా నేల మీద ఒంపేసి తాత పక్కకి జరగ్గానే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు తాతా?"

"ఎవరూ నా చేత సారా పోయించలేదమ్మా" అన్నాడు.

ఆ ముసలాయన మీద జాలిపడాలో ఉమ్మెయ్యాలో నాకు తెలియలేదు. నేరుగా అడెరోంకె గారి దగ్గరికి నడిచాను. నా ఇంగ్లీషు కుట్టుమిషను ముందు కూర్చుని, బట్టలు కుట్టించుకునేవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే, అయినా సరిపోయింది.

"ఆయన చెప్పింది అది కాదు మేడమ్. మంత్రులూ లేరు, రథాలూ లేవు. డిక్కీలో వాసన తోలు వాసనా కాదు. ఈ కారు మా అవ్వది. బజార్లో చేపలమ్మి కొనుక్కుంది."

పెదనాన్న మొహం కందగడ్డలా అయింది. "చిన్నపిల్ల మేడమ్, ఎండ దెబ్బ..."

ఆవిడ ఫోను దించింది. నన్నోసారి, డిక్కీనోసారి చూసింది. తర్వాత గట్టిగా నవ్వింది.

"చేపలమ్మిన మనిషా? సొంత డబ్బుతో? అమ్మాయ్, మంత్రుల కార్లు నా దగ్గర బోలెడున్నాయి, సగం అబద్ధాలే. కథంటే ఇదీ! ఇది నిజమైతే అనుకున్న ధర మీద ఇంకా వేస్తాను. ఏమండీ, నిజమేనా?"

ఇదంతా చూస్తున్న నాకు, ఒక మనిషి మొహం ఎంత త్వరగా మారగలదో ఆ రోజు తెలిసింది.

"నిజం మేడమ్, నిఖార్సైన నిజం! నేనే చెబుదామనుకుంటున్నాను!" అని పెదనాన్న వాకిటి మధ్యకి వచ్చేశాడు. చుట్టాల వైపు తిరిగి, మా భాషలో, వీధి చివరికి వినపడేలా అరిచాడు. "చెప్పండర్రా, సెర్వా అత్తే కదూ కొన్నది? అంతా అత్త సొమ్మే! మామయ్యది దమ్మిడీ లేదు! పోమా, రా, అత్త కూర్చున్నట్టు వెనక సీట్లో కూర్చో, ఫొటో తీస్తారు. ఎవరన్నా పోయి ఓ చేపల బుట్ట పట్రండర్రా, ఒళ్ళో పెడదాం!"

అవ్వని ప్రాణం పోతున్నా ఎక్కనివ్వని కారులో, ఇప్పుడు ఆమె కూతుర్ని చేపల బుట్టతో సహా ఎక్కించాలట. అంత అసహ్యం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. చెప్పు తీద్దామని వంగాను కూడా. అమ్మ నా భుజం పట్టి ఆపింది.

"ఒబెంగూ, ఎక్కడ నిలబడ్డావో చూసుకో" అన్నాడు అపియా తాత.

పెదనాన్న కిందికి చూశాడు. మెరుగు పెట్టిన నల్ల బూట్లు రెండూ సారా పోసిన తడి మట్టిలో ఉన్నాయి. ఒక్క గెంతు గెంతాడు.

"మామయ్యా, అదేదో మాటవరసకి..."

"సారా తడి ఆరలేదు. దాని మీద నిలబడి, ఇంతమందిలో, నువ్వే చెప్పావు. మాటవరసకి అన్నావో నిజంగా అన్నావో వదిన చూసుకుంటుందిలే. తాళాలియ్యి."

పెదనాన్న చుట్టాల మొహాలు వెతికాడు. నేల చూపులు చూడటం బాగా అలవాటైనవాళ్ళు కదా, మళ్ళీ నేలే చూశారు. తాళాలు ఇచ్చాడు. తాత వాటిని కుడిచేత్తో మా అమ్మకి అందించాడు.

"పోమా, మన మధ్య ఏముంది గానీ" అన్నాడు పెదనాన్న వెంటనే, గొంతులో వెన్న పూసుకుని. ఇన్నేళ్ళలో అమ్మతో ఆడిన మొదటి తీపి మాట. "బేరం తెచ్చింది నేను. కారుని కళ్ళల్లో పెట్టుకు చూసుకుంది నేను. నా వాటా సంగతి మర్చిపోకు."

అమ్మ అతన్ని గోడని చూసినట్టు చూసింది. కారు వెనక తలుపు తీసి లోపల కూర్చుంది, అవ్వ కూర్చునే వైపు. సీటు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత దిగి, తలుపు మెల్లగా వేసి, తాళాలు నా చేతిలో పెట్టింది.

"ఆవిడకిచ్చెయ్."

"అమ్మేస్తావా అమ్మా? ఇప్పుడే కదా మనకొచ్చింది."

"ఇన్నాళ్ళూ వీళ్ళు దీని మీద చెయ్యేసి తుడిచారు. ఈ వాకిట్లో ఇంకొక్క పూట ఉండనివ్వను. బోర్డు మీద మా అమ్మ పేరు రాయమను. సెర్వా, చేపలమ్మి కొంది అని."

నేను చెప్పాను. అడెరోంకె గారు తలగుడ్డ సర్దుకుని, రెండు చేతులతో తాళాలు తీసుకుంది. కారు లాగోస్ వెళ్ళగానే లోపలా బయటా శుభ్రంగా కడిగించి నిలబెడతానంది. అది అమ్మకి చెప్పాను.

అమ్మ డిక్కీ దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి వేసింది.

"ఇంకెక్కడైనా కడుక్కోమను. ఇది మాత్రం కడగొద్దని చెప్పు."