పెద్ద బేసరి

"శుక్రవారం పొద్దున్నే కంసాలి ఆచారి వస్తాడు. మొకం కడుక్కొని సిద్ధంగా ఉండు. ముక్కు మళ్లీ కుట్టిస్తన్నా" అంది మా అత్త నాగూర్‌బీ.

నేను అప్పుడు పరుపు అంచు కుడుతున్నాను. చేతిలో దబ్బనం ఆగిపోయింది. తలెత్తలేదు. గభాలున తలెత్తితే ఎడమ ముక్కుపుటం లాగుతుంది. పుండు పైపైన మానింది గానీ చీలిక అలాగే ఉండిపోయింది, ఎలుక కొరికిన గుడ్డ అంచులాగా.

"మళ్లీనా?" అన్నాను.

"మళ్లీ కాకపోతే? మన ఇంటి కోడలు బోడి ముక్కేసుకొని పెద్దల ముందు కూర్చుంటదా? మజీద్ సాహెబ్ వాళ్లేమనుకుంటారు?"

అసలు సంగతి అదీ. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు పక్క పందిట్లో మజీద్ సాహెబ్, మిగతా పెద్దలు తీర్పు చెప్పడానికి కూర్చుంటున్నారు. గురజాల నుంచి మా అన్న బాజీ వచ్చి, కాళ్లావేళ్లా పడి పెట్టించిన పంచాయితీ అది. నా ముక్కు చీల్చింది నా మొగుడు సుభానీ చెయ్యేనని తేలితే నన్ను అన్నతో పంపించేస్తారు. దూది మిషన్ పళ్లు తగిలి చీలిందని తేలితే ఈ నరసరావుపేటలో, ఈ గదిలో, ఈ మనిషి చేతి కిందే ఉండాలి. నాలుగు గోడల మధ్య జరిగిన పనికి సాక్షులుండరు. నా ముక్కొక్కటే సాక్షి. దాని మీద ముక్కుపుటమంత వెడల్పు పువ్వు బేసరి బిగించేస్తే ఆ సాక్షి నోరు మూతపడుతుంది. పైగా, అత్తింటివాళ్లు కుట్టించిన ముక్కుతో వచ్చి కూర్చున్న కోడలికి మొగుడితో గొడవేముంటుంది?

మొదటిసారి కుట్టించింది పెళ్లయిన వారంలోనే. మా పుట్టింట్లో ఆడపిల్లలకు చెవులు కుట్టి వదిలేస్తారు. ఈ ఇంట్లో మాత్రం కోడలికి బేసరి ఉండాల్సిందేనట. సరేనన్నాను. చిన్న తెల్లరాయి బేసరి, అద్దంలో చూసుకుంటే ముచ్చటేసింది కూడా. మర్నాడే నన్ను మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. మిషన్ దూది ఏకుతుంటే నూగు గది నిండా లేస్తుంది, కనురెప్పల మీద, పెదాల మీద వాలుతుంది. పచ్చి పుండు మీద వాలితే ఇంకేముంది, అక్కడే అంటుకుపోతుంది. "ఆరేదాకా వంటింట్లో ఉంటానత్తా" అని బతిమాలాను. "వంట ఎట్టాగూ నువ్వే చేస్తావు. దూది పనికి ముక్కేం అడ్డమే? ముక్కుతో ఏకుతావా ఏంది?" అంది. సుభానీ పడీపడీ నవ్వాడు. ముక్కు చీము పట్టింది. చీముతోనే దూది నింపాను, అంచులు కుట్టాను, మధ్య మధ్యలో దబ్బనం దించి పురికొసతో ముళ్లు వేశాను. బయట బోర్డు మీద 'సుభానీ పరుపుల షాపు' అని రాసి ఉంటుంది. బేరానికొచ్చినవాళ్లు కుట్టు బాగుందని మెచ్చుకుంటే అతను కాలర్ సర్దుకునేవాడు. ఒకసారి నవ్వుతూనే అన్నాను, "నేనే వేరే షాపులో కుట్టుంటే కూలిచ్చేవాళ్లయ్యా" అని. "పెళ్లానికి కూలేందే? అన్నం పెట్టట్లా?" అన్నాడు. ఆ అన్నం వండింది కూడా నేనే. ఆ మాట అతనికి తోచలేదు, నేనూ అనలేదు.

మా వృత్తిలో ఒక పద్ధతుంది. పరుపు అడుగున పాత దూది మళ్లీ ఏకి వేస్తారు, పైన మాత్రం కొత్త బూరుగు దూది పరుస్తారు. అందరూ చేసేదే. పరుపుల ఇంట్లో పుట్టిన చిన్నపిల్లకు కూడా తెలుసు, ఎవరూ బయటికి చెప్పరు. కోటప్పకొండ తిరునాళ్ల ముందు బస్టాండు దగ్గర లాడ్జీ ఆయన పరుపుల కోసం వచ్చాడు. "అంతా కొత్తదేనా?" అని అడిగితే, "ఒట్టండీ, అంతా కొత్త బూరుగే" అన్నాడు సుభానీ. ఆయన నావైపు తిరిగి, "ఏమ్మా, నింపేది నువ్వే కదా, నువ్వు చెప్పు" అన్నాడు. ఈ షాపులో నన్నొక మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ సంబరంలో నోరు జారాను. "అడుగున పాతదండి, పైన కొత్తది" అన్నాను. లాడ్జీ ఆయన సుభానీ భుజం తట్టి, నవ్వుతూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

సుభానీ తలుపు వేశాడు. కొట్టలేదు. దగ్గరికొచ్చి ముద్దుచేస్తున్నట్టు నా గడ్డం పట్టుకున్నాడు. "నిజాలు చెబుతున్నావా? బేసరి బరువెక్కిందే నీకు" అన్నాడు. చిటికెన వేలు బేసరి కింద దూర్చి ఒక్క గుంజు గుంజాడు. గలేబు గుడ్డ చింపేటప్పుడు వచ్చే చప్పుడు నాకు బాగా తెలుసు. అదే చప్పుడు నా మొహంలోంచి వచ్చింది.

మా అత్త వంటింటి గడపలో నిలబడి అంతా చూసింది. పరుగున వచ్చి ముందు బేసరి ఏరుకుంది. చీరకు తుడిచి బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత పసుపు తెచ్చి నా ముక్కులో కూరింది. "మిషన్ పళ్లు తగిలినయ్యని చెప్పు. అర్థమయిందా?" అంది.

పసుపు అద్దుతున్నంతసేపూ ఆమె బేసరి నా కళ్లకెదురుగా ఉంది. ఎర్రరాళ్ల పువ్వు, సగం ముక్కును మింగేసినంత పెద్దది. ఆమె దాన్ని తియ్యడం నేనెప్పుడూ చూడలేదు. స్నానం చేసి వచ్చినా ఉంటుంది, జ్వరంతో మూలుగుతున్నా ఉంటుంది. మామ చచ్చిపోయినప్పుడు గాజులు తియ్యనిచ్చిందట గానీ బేసరి జోలికొస్తే అక్కడే దూకి చస్తానని బావి వైపు పరుగెత్తిందట. "మొగుడంటే అంత ప్రాణం" అని వాడంతా ఇప్పటికీ చెప్పుకుంటారు.

శుక్రవారం పొద్దున్నే రావాల్సిన ఆచారి నమాజు అయ్యే వేళకు గానీ రాలేదు. నన్ను గుమ్మం వెలుతురులో కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి చూసి పెదవి విరిచాడు.

"ఇంకా పచ్చిగా ఉంది నాగూరమ్మా. ఇప్పుడు సూది పెడితే మళ్లీ చీముపడద్ది. నెలాగండి."

"నెలేంది? పంచాయితీ ఇయ్యాలయితే!"

"చీలికకు పైన కుట్టి పెద్ద పువ్వు పెట్టాలి. అప్పుడు గానీ మూసుకోదు. మా నాయన మీ ఇంటికి ఒకటి చేసిచ్చాడుగా, అట్టాంటిది..."

"నోరు మూసుకొని కుట్టేదుంటే కుట్టు, లేకపోతే పో!" అని అరిచింది మా అత్త. ఆమె అంత గట్టిగా అరవగా అంతకుముందు వినలేదు.

ఆచారి సంచి సర్దుకున్నాడు. "నాకెందుకమ్మా పెద్దల గొడవ" అంటూ మెట్లు దిగాడు. నాకోసం తెచ్చిన పువ్వు బేసరి మాత్రం గడప మీద పెట్టి పోయాడు.

నేను లేచాను. మసీదు దాకా వెళ్లగలిగితే చాలు, అక్కడ బాజీ ఉంటాడు. గుమ్మం దాటేలోపే సుభానీ జడ దొరకబుచ్చుకొని వెనక్కి లాగాడు. సగం కుట్టిన పరుపు మీద వెల్లకిలా పడ్డాను. అతను మోకాలు నా పొట్ట మీద వేసి, నా చెంప పక్కన అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో నుదురు అదిమాడు.

"అమా, నువ్వే కుట్టు!"

"నేనా? దేంతో రా?"

"ఆ దబ్బనముంది చూడు. కానియ్యి. దీని అన్న వచ్చేస్తాడు."

మా అత్త దబ్బనం తీసుకుంది. గోతాలు, పరుపులు కుట్టే ఇనుము అది. మనిషి కండకు చేసింది కాదు. ఆమె నా మీదికి వంగింది. మొన దిగింది. నా అరుపు నాకే వినపడలేదు. కంట్లో మంట, గొంతులో ఉప్పగా నెత్తురు. సగం దిగి ఎముకకు తగిలినట్టయి ఆగింది. "నొక్కమా!" అన్నాడు సుభానీ. ఆమె ఇంకా వంగింది. ఆమె మొహం సరిగ్గా నా మొహం మీదికొచ్చింది.

అప్పుడు చూశాను. ఆ బేసరిని నేనెప్పుడూ ఎదుటినుంచే చూశాను. కింద పడుకొని పైకి చూడటం అదే మొదటిసారి. ఎర్రరాళ్ల పువ్వు కింద ముక్కుపుటం లేదు. చీలిక ఉంది. నా చీలిక. అదే పక్క, అదే వాలు. ఎప్పుడో మానిపోయి, అంచులు నల్లబడ్డ పాత చీలిక.

నా కళ్లు ఎక్కడ ఆగాయో ఆమెకు తెలిసిపోయింది. దబ్బనం మీద ఆమె పట్టు సడలింది.

నా కుడి చెయ్యి పరుపు అంచు తడుముకుంటూ పోయింది. అక్కడ నేను పొద్దున గుచ్చి వదిలిన రెండో దబ్బనం ఉంది, పురికొసతో సహా. ఆ అంచు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. దబ్బనం పిడికిట్లోకి వచ్చింది. నా చెంప పక్కన ఆనించిన సుభానీ చెయ్యి మీద దించాను, పరుపు మధ్యలో ముడి వేసేటప్పుడు ఎలా దించుతానో అలా, బలమంతా పెట్టి. చెయ్యి దాటి, గలేబు దాటి, దూదిలోకి దిగిపోయింది. సుభానీ కోసిన మేకలా అరిచాడు. లేవబోతే పరుపు కూడా లేచింది. నేను మోకాలి కిందనుంచి జారి, నా ముక్కులోని దబ్బనం నేనే పీకి పారేసి, వీధిలోకి పరుగెత్తాను. కొంగు అడ్డం పెట్టుకోలేదు. కారుతున్నది కారనిచ్చాను.

పందిట్లో అందరూ నావైపు తిరిగారు. బాజీ లేచి ఎదురొచ్చి, నా మొహం చూసి, తన భుజం మీది తువ్వాలు నా చేతిలో పెట్టాడు. మజీద్ సాహెబ్ నన్ను ఓ పక్కన కూర్చోమన్నాడు. అంతలోనే సుభానీ వచ్చాడు, చేతికి చీరముక్క చుట్టుకొని. వెనకాల మా అత్త.

"చూడండి సాహెబ్! మొగుడి చెయ్యి పట్టుకొని పరుపుకు కుట్టేసింది! ఇది ఆడదేనా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మజీద్ సాహెబ్ నవ్వలేదు. "ఏమ్మా, నువ్వేనా చేసింది?"

"నేనే. నా ముక్కులో దబ్బనం దించుతుంటే నన్ను అదిమిపట్టిన మనిషి చెయ్యి అది."

"ఇయ్యాల్టిది సరే. మొదట చీలింది ఎట్టా?"

"మిషన్ సాహెబ్! పళ్లు తగిలి..." అన్నాడు సుభానీ.

"ఆయన చెయ్యి" అన్నాను.

"అతనో మాట, నువ్వో మాట చెబుతున్నారు. చూసినోళ్లెవరమ్మా?"

నేను మా అత్త వైపు తిరిగాను. ఆమె కొంగు ముక్కు దాకా లాక్కుంది. "నేను చూళ్లేదు" అంది నేలను చూస్తూ.

నా చెయ్యి లేచింది. ఒక్క అంగలో అందేంత దూరంలో ఉంది ఆమె. ఆ కొంగు లాగి, ఆ పువ్వు పీకి, ఇదిగో చూడండి, ఈ ఇంటి మిషన్ ఎన్నేళ్ల నుంచి నడుస్తోందో అని అరిస్తే పంచాయితీ అక్కడికి ముగిసిపోయేది. చెయ్యి ఆమె మొహం దాకా వెళ్లింది కూడా. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. దెబ్బకు ముందు ఎలా మూసుకోవాలో బాగా అలవాటైన మనిషి మూసుకున్నట్టు. చెయ్యి దించేశాను. ఓడిపోయి ఆ ఇంటికే తిరిగి వెళ్లాల్సి వస్తే వెళతాను గానీ, ఆ ముక్కు మీద ఇంకో చెయ్యి పడకూడదు.

"నేను దాన్ని ముట్టుకోనత్తా" అన్నాను, ఆమెకు మాత్రమే వినపడేలా. "నేను చూశానని నీకు తెలుసు. అంతే."

మజీద్ సాహెబ్ పక్కనున్న పెద్దల వైపు తిరిగాడు. "సాక్ష్యం లేకపోతే ఎట్టా?"

సుభానీ మొహం విప్పారింది. "అయితే మేం పోతాం సాహెబ్. లెగమా, నడువు!" అంటూ బాగున్న చేత్తో తల్లి రెక్క పట్టి గుంజాడు. ఆమె కదల్లేదు. "చెవుడొచ్చిందా ఏందే ముసల్దానా!" అని ఇంకోసారి గుంజాడు, అలవాటైన గుంజుడే.

"ఒరే సుభానీ" అంది మా అత్త. గొంతు మామూలుగానే ఉంది. "చెయ్యి తియ్యరా. అచ్చం మీ నాయన లాగే గుంజుతావు."

ఆమె కొంగు భుజాల మీదికి దించింది. పెద్దల వైపు తిరిగి, రెండు వేళ్లు బేసరి దగ్గరికి తీసుకెళ్లి లోపలి మరను పట్టుకుంది. ఇన్నేళ్ల నుంచి తియ్యని మర, బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాను.

మొదటి చుట్టుకే తిరిగింది.