పాత్ర అందుకోని వరస

హిందీ ఊళ్ల మధ్య, ఉక్కు కార్ఖానా పక్కనున్న ఖుర్సీపార్‌లోని మా తెలుగు చర్చిలో ప్రభువు బల్లకు ఒక కట్టుబాటుంది. పదిమందిమి వరసగా మోకరిస్తాం. అందరూ ద్రాక్షరసం పాత్ర అందుకుని తాగాకే వరసంతా లేవాలి. ఎవరిమీదైనా మనసులో గొడవుంటే ముందు తీర్చుకోవాలి. మా తాతలు విజయనగరం నుంచి తెచ్చుకున్న కట్టుబాటిది. దానివల్ల ఇన్నేళ్లలో నా మోకాళ్లు అరిగాయే తప్ప ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఆ ఆదివారం సత్యలక్ష్మి నా పక్కనే మోకరించింది. ఆమె భర్త బలరాం ఒక రోలింగు మిల్లు షెడ్డు మీంచి పడి, నడుం విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. పైకెక్కేటప్పుడు పడిపోకుండా కట్టుకునే బెల్టు కూడా ఇవ్వలేదు. పని చేయించిన కాంట్రాక్టరు గురుమూర్తేమో, అసలు ఆ రోజు బలరాం పనికే రాలేదంటున్నాడు. పనిలో పడ్డాడని తేలితేనే కంపెనీ ఖర్చుతో వైద్యం సాగేది. లేదంటే మనిషి ఇక మంచానికే. చూసినవాడు ఒక్కడే, నా కొడుకు అనిల్. వాడిదీ గురుమూర్తి దగ్గరే పని. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తాడు తప్ప నోరు విప్పడు.

ఇంతకీ వరసకు పాత్ర అందించే మా సంఘపెద్ద ఎవరనుకున్నారు? ఆ గురుమూర్తే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఏమీ ఎరగని మొహంతో పాత్ర పట్టుకుని వచ్చాడు.

సత్యలక్ష్మి పెదాలు బిగించింది.

"తీసుకో అమ్మా," అన్నాడు.

"నీ సేత్తో తీసుకోను బాబూ. మా ఆయన ఎక్కడ పడ్డాడో సెప్పు, అప్పుడు తీసుకుంతాను."

పాట ఆగిపోయింది. పాస్టరుగారు పైకప్పు రేకులకేసి చూశారు. అవి గురుమూర్తి వేయించినవే.

గురుమూర్తి పాత్రను నా ముందుకు జరిపాడు. "రజనీ వదినా, నువ్వు తీసుకో. అనిల్‌ని సూపర్‌వైజర్ని సేద్దామనుకుంతన్నాను," అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా.

భయమేసింది. చెయ్యి సగం లేచింది కూడా. అంతలోనే ఒళ్లు మండింది. ప్రభువు పాత్ర చేతిలో పెట్టుకుని బేరమాడతాడా!

"నాకూ ఒద్దు," అని చేతులు కట్టుకున్నాను.

నా పక్కనున్న అప్పలకొండ మామ తల తిప్పేసుకున్నాడు. ఆ పక్కావిడా అంతే. వరస కదల్లేదు. వెనకవాళ్లు నిలబడే ఉన్నారు.

గురుమూర్తి గొంతు పెరిగింది. "ప్రభువు బల్ల కాడ ఈ రాజకీయాలేటి? ఆడు పడ్డం సూసినోడెవడైనా ఉన్నాడా?"

వెనక బల్ల కిర్రుమంది. "మై వహీఁ థా, అంకుల్." తానక్కడే ఉన్నానని హిందీలో అనిల్ గొంతు. తర్వాత, మా తెలుగులో: "నాను సూసాను. బలరాం మావయ్య మన షెడ్డు మీంచే పడ్డాడు. బెల్టు అడిగితే నువ్వే లేదన్నావు."

పాస్టరుగారు మెల్లగా వేదిక దిగి వచ్చి, గురుమూర్తి చేతిలోంచి పాత్ర తీసుకున్నారు.

"ఇప్పుడివ్వండి అయ్యగారూ," అంది సత్యలక్ష్మి. ఆమె తాగింది, నేను తాగాను, వరసంతా తాగి లేచింది.

నా మోకాళ్లే లేవలేదు. అనిల్ వచ్చి చంకల కింద చేతులు వేశాడు.

"నౌకరీ పోయినట్టేనమ్మా," అన్నాడు చెవిలో.

"పోతే పోనీరా. ముందు నన్ను లేపు."