పన్నెండు గంటల పిండి

ఫ్యాక్టరీ పిండి గదిలో పిండక్క జల్లెడను రెండు చేతులా పట్టుకుని ఆడిస్తోంది. తెల్లటి పొడి కింది పళ్లెంలోకి పొగలా దిగుతోంది. పైన ఆవగింజలంతటి ఉండలు మిగిలాయి. ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. చితకలేదు.

ఆ పింగాణీ పొడితో చేసే పంపు రింగులు ఈ నెలలో మూడు విడతలు బట్టీలోనే పగిలాయి. బట్టీ మేస్త్రి వేడి ఎక్కువ పెట్టాడని ఇంజనీరు తేల్చేశాడు. ఇంకోసారి పగిలితే మేస్త్రిని పంపేస్తారు.

పిండక్క ఆ ఉండలు పట్టుకుని ఇంజనీరు గదికి వెళ్లింది. ఇరవై ఆరేళ్ల పనిలో ఆ గడప దాటడం అదే మొదలు.

"తప్పు బట్టీది కాదు సారూ, పిండిది. పన్నెండు గంటలు నూరేదాన్ని మీరొచ్చి ఎనిమిది చేశారు. వేడికి ఉండ ఉన్నచోట ఒకలా ముడుచుకుంటది, పక్కన ఇంకోలా. పగలక చస్తదా?"

"నాకే పాఠాలా అక్కా?"

"ఒక్క విడత నాకొదిలెయ్యండి. పగిలితే నన్ను పంపండి, ఆయన్ని కాదు."

ఇంజనీరు విసుగ్గా సరేనన్నాడు.

నూరే గుండ్లు నింపిన పీపాలో పొడీ నీళ్లూ పోసి, స్విచ్చి వేసి తిప్పడం మొదలుపెట్టింది. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. పొడి పడి కనుబొమలు తెల్లబడ్డాయి. దగ్గు వచ్చినప్పుడల్లా గోడకు ఆనుకుని, తగ్గాక మళ్లీ నిటారుగా కూర్చునేది. ఎనిమిది గంటలు కాగానే కరెంటు పనివాడు అలవాటు కొద్దీ పీపా ఆపడానికి వచ్చాడు. ఆమె స్విచ్చికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పెళ్లికూతురికి కాపలానా అక్కా?"

"దానికన్నా పెంకిది ఇది. నువ్వెళ్లు."

మర్నాడు కళ్లజోడు తీసి కిటికీలో పెట్టి, ఆరిన పొడిని రెండుసార్లు జల్లించింది. జల్లెడ మీద ఏమీ మిగల్లేదు. రింగులు అచ్చుపోయించి, తానే మోసుకెళ్లి మేస్త్రికి ఇచ్చింది.

"నీ వేడి నువ్వు ఎప్పట్లాగే పెట్టు తమ్ముడూ. భయపడకు."

రెండు రోజుల తర్వాత బట్టీ తెరిచారు. నలభై రింగులూ నిక్షేపంగా ఉన్నాయి. మేస్త్రి ఒకదాన్ని గోటితో మీటాడు, ఖంగుమంది. ఇంజనీరు వెళ్లి, నూరే గంటలు రాసే గోడమీది పలకపై ఎనిమిది చెరిపి పన్నెండు రాశాడు.

పిండక్క ఆ రోజు ఇంకా పనికి రాలేదు. మేస్త్రి ఆమె ఇంటికి ఫోన్ చేశాడు. కూతురు ఎత్తింది.

"పొద్దున లేపితే అమ్మ లేవలేదు మామయ్యా. ఊపిరి లేదు."

మేస్త్రి ఆ రింగు పట్టుకునే పిండి గదిలోకి వెళ్లాడు. కిటికీలో ఆమె కళ్లజోడు తెరిచే ఉంది. దాని రెండు అద్దాల మీదా తెల్లటి పొడి సన్నగా, సమంగా పరుచుకుని ఉంది.