వరదప్ప వాదనకు బలం

ఎంబీఏ ప్రవేశ పరీక్ష కోసం ప్రతిభ బేరిగై నుంచి హోసూరు కోచింగుకు రోజూ బస్సులో పోయి వచ్చేది. సంక్రాంతి దాటేసరికి ఆమెకొక జబ్బు పట్టుకుంది. ‘కింది వాటిలో ఏది ఈ వాదనను బలపరుస్తుంది’ అనే ప్రశ్నలు చేసీ చేసీ, ఎవరు ఏ వాదన చేసినా దానికి బలం వెతికివ్వకుండా ఉండలేకపోయేది. మంచు వల్లే బస్సు ఆలస్యమని కండక్టరు అంటే, "మంచు లేని రోజు టైముకు వచ్చుంటే మీ మాట బలపడుతుందన్నా" అని చెప్పి దిగేది.

ఒక ఆదివారం పొద్దున పక్కింటి వరదప్ప ఆమె తాత రామకృష్ణప్పతో జగడానికి వచ్చాడు. వరదప్పది గులాబీ తోట. ప్రేమికుల రోజుకు బెంగళూరు పోవలసిన మొగ్గలు రోజూ కొన్ని మాయమవుతున్నాయి.

"నీ మేకే తింటా ఉండాది రామకృష్ణన్నా. గట్టు మీద పెంటికలు చూసినాను."

"పెంటికలుంటే పూలు తినినట్టా?" అని తాత గొంతు పెంచేలోపే ప్రతిభ బయటికి వచ్చింది. చదువుకున్న మనవరాలు పక్కన నిలబడగానే తాతకు కొండంత ధైర్యం వచ్చింది.

"పెంటికలు చాలవు మామా," అంది ప్రతిభ. తాత మీసం దువ్వాడు. "మేకను కట్టెయ్యలేదని తేలితే మీ వాదన బలపడుతుంది."

"యాడ కట్టేసినాం? తాడు తెగి వారమాయె," అని లోపలి నుంచి అవ్వ అంజనమ్మ నిజం చెప్పేసింది.

"పాపా, నువ్వు ఎవురి పక్క?" అన్నాడు తాత.

తాతను గెలిపించాలనే వచ్చింది పాపం. నోరే మాట వినడం లేదు. "ఈ మేక గులాబీ తింటుందని చూపిస్తే ఇంకా బలం మామా," అనేసింది.

వరదప్ప పరుగున పోయి ఒక గులాబీ కొమ్మ విరుచుకొచ్చి, వాకిట్లో తిరుగుతున్న మేక ముందు పెట్టాడు. మేక వాసన చూసింది. ముల్లు మూతికి గుచ్చుకోగానే మొహం తిప్పేసింది. తాత మళ్లీ మీసం దువ్వాడు.

"ఇంకొకటుంది మామా. తోటలోకి ఇంకెవరూ పోరని తేలాల."

"ఇంకెవురు పోతారు? నేనూ, మీ అత్తా."

ఆ అత్త, అంటే వరదప్ప భార్య కాంతమ్మ, మొగుణ్ణి కాఫీకి పిలిచేదానికి అప్పుడే వచ్చి మేకకు వీపు పెట్టి నిలబడింది. మేక మెడ చాచి, ఆమె ముడిలోని ఎర్ర గులాబీని లాగి కాడతో సహా నమిలింది.

"చూసినారా, తినింది," అన్నాడు వరదప్ప. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ముడిలో ఇంకా రెండు పూలు ఎర్రగా కనిపిస్తున్నాయి. "అవి యాడివి?"

కాంతమ్మ తల తడుముకుంది. "మన తోటవే. ఇన్నేండ్లుగా గులాబీలు పెంచుతా ఉండావు, ఒక్కటి తల్లో పెట్టుకోనిచ్చినావా? సంతలో కనకాంబరాలు కొనుక్కోమంటివి. అందుకే ముండ్లు గిల్లేసి పెట్టుకుంటా ఉండాను."

వరదప్ప దీనంగా ప్రతిభ వైపు తిరిగాడు. "ఇంతసేపూ నా పక్కే మాట్లాడితివి గదా పాపా. ఇప్పుడూ ఏదన్నా చెప్పమ్మా."

ప్రతిభ నిజాయితీగానే ఆలోచించింది. "గులాబీలు పెట్టుకుంటే అత్త బాగలేదని తేలితే, కనకాంబరాలు కొనుక్కోమన్న మీ మాట బలపడుతుంది మామా."

వరదప్ప భార్యను చూశాడు. చాలాసేపే చూశాడు.

"అది తేలేట్టు లేదులే," అని కాఫీకి పోయాడు.