పద్నాలుగు కొత్త పేర్లు

ఇరవై రెండో పులెతాసికి, అదే మా రవికా లంగా జతకి, గుండీలు కుడుతుంటే మా ఆయన అక్క లూపెసీనా వదినగారు వచ్చి, తన రవిక నడుం దగ్గర ఇంకాస్త బిగించమన్నారు. జూన్ ఒకటిన రాజధాని ఆపియాలో స్వాతంత్ర్య దినోత్సవ కవాతు. ఊరి జెండా వెనక ఆడపడుచులు నడుస్తారు. ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లం బట్టలు కుడతాం, వండుతాం, వడ్డిస్తాం, అంట్లు తోముతాం. మా ఆయన పోయి నాలుగేళ్లయినా నా కోడలి హోదా మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఈసారి నేనూ నడుస్తాను వదినగారూ."

ఆవిడ పకపకా నవ్వారు. "పిచ్చా ఏమే ఫువా? నువ్వు నడిస్తే కోకో అన్నం ఎవరు వండుతారు? అంత సరదాగా ఉంటే మీ పుట్టింటికి పోయి నడువు. అక్కడ నువ్వూ ఆడపడుచువేగా."

అక్కడ నేను నడిస్తే మా అన్న పెళ్లాం అంట్లు తోమాలి.

మా ఆయన్నీ బతికుండగా ఒకసారి అడిగాను. "స్వాతంత్ర్యం అందరికీ వచ్చిందే. నడక కొందరికే," అన్నారు, నూనె రాయమని కాలు చాపుతూ.

నిజానికి స్వాతంత్ర్యం వచ్చింది జనవరి ఒకటిన. అప్పుడు వానలు, పైగా కొత్త సంవత్సరం విందులని, పండగని జూన్‌కి జరిపారంటారు. దేశం పండగే ఐదు నెలలు జరిగినప్పుడు, వంటింట్లోంచి నేను నాలుగడుగులు జరగలేనా?

నడిచేవాళ్ల పేర్లు రాసి పంపమని ఆపియా నుంచి కాగితం వచ్చింది. "పాస్టరమ్మ దగ్గర ఈ వయసులో అక్షరాలు దిద్దావుగా, రాయి," అని వదినగారు నా ముందు పడేశారు. ఇరవై రెండు మంది ఆడపడుచుల పేర్లు రాశాను. చెయ్యి ఆగలేదు. పద్నాలుగు మంది కోడళ్ల పేర్లూ రాశాను.

గురువారం రేడియోలో ఆ పేర్లన్నీ చదివారు. దీవంతా విన్నది. పేరు చదివాక మనిషి రాకపోతే పక్క ఊరివాళ్లు ఏడాదంతా నవ్వుతారు.

ఊరి పెద్ద, మా బావగారు లఫాయెలె, రొప్పుకుంటూ వచ్చారు. "ఎంత పని చేశావమ్మా! వంట సంగతేమిటి?"

"పెద్దమనుషులు మీరు తొమ్మిది మంది ఉన్నారుగా బావగారూ."

"కోడళ్లకి బట్టలేవీ?" వదినగారు అందుకున్నారు.

"తానులో గుడ్డ మిగిలింది. కుట్టేశాను."

కవాతులో మా అడుగులు ఒక్కటీ కలవలేదు. ముందు వరుసలో వదినగారు రెండుసార్లు వెనక్కి తిరిగి గుడ్లురిమారు. ఆ తిరగడంలో ఆవిడ అడుగూ తప్పింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బావగారు నడుముకి చుట్టిన లావలావా పైకి దోపుకుని, చెమటలు కారుతూ, గరిటెతో నిలబడి ఉన్నారు. కోకో అన్నం అడుగంటింది. కొబ్బరిపాలు విరిగాయి. మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి వడ్డించారు.

"ఎలా ఉందమ్మా?" అని భయంభయంగా అడిగారు.

కోడలిగా వచ్చిన ముప్పై రెండేళ్లలో ఆ ఇంట్లో నేను కూర్చుని, వేడిగా తిన్న మొదటి ముద్ద అది.

కంచం చాపి, "ఇంకో గరిటె వేయండి," అన్నాను.