కట్టమ్మ తాగిన యూనిట్లు

నెలనెలా ఐదో తారీఖున కరెంటు మీటరు చూసే మనిషి వచ్చి, గోడకు వేలాడే కార్డు మీద నాలుగంకెలు గీకి పోయేవాడు. అతను వాకిలి దాటాడో లేదో, ఉప్పలయ్య స్టూలు లాక్కొని మీటరు ముందు కూర్చునేవాడు. చెవిలో పెన్సిలు, తొడ మీద సిగరెట్ పెట్టె అట్ట. శివనగర్‌లో ఆ రెండర్రల పెంకుటింట్లో తప్పకుండా జరిగే పూజ అదొక్కటేనని అతని భార్య భారతి ఎక్కిరించేది.

ఉప్పలయ్యది ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు కాంటా పెట్టే పని. పొద్దంతా ముల్లు దిక్కు చూసీ చూసీ, ఇంటికొచ్చాక కూడా ఏదో ఒకటి తూచకపోతే అతనికి ముద్ద దిగదు. కరెంటు లెక్క నేర్పింది పక్కింటి లైన్‌మన్ కొమురెల్లి. "నలభై వాట్ల బుగ్గ ఇరవై ఐదు గంటలు వెలిగితె ఒక యూనిట్ అన్నా. గంతే. దీంట్ల పెద్ద సదువేం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని ఉప్పలయ్య ఇల్లంతా లెక్కగట్టేశాడు. మూడు బుగ్గలు, రోజుకు ఐదు గంటలు, నెలకు పద్దెనిమిది యూనిట్లు. టేబుల్ ఫ్యాను పద్నాలుగు. రేడియో ఒకటి. అవ్వ మూడు. మొత్తం ముప్పై ఆరు.

అవ్వంటే ఉప్పలయ్య తల్లి కట్టమ్మ. డెబ్బై దాటిన మనిషి, పొద్దుగూకే యాళ్లకు కాసింత కరెంటు తాగుతుంది. పడసాలలో వేలాడే హోల్డరు నుంచి బుగ్గ ఊడదీసి, కొంగుతో తుడిచి పక్కన పెట్టి, ఆ హోల్డరులో బొటనవేలు పెట్టుకొని గోడకు చేరగిలబడుతుంది. చాయ్ తాగినంత సేపు. ఆరువందల చుట్లకు ఒక యూనిట్ అని మీటరు మీదే రాసుంది. అవ్వ తాగేసరికి చక్రం అరవై చుట్లు తిరుగుతుంది. తర్వాత బుగ్గ మళ్లీ బిగించి, "ఇయ్యాల జర పల్చగున్నది" అనో, "రాత్రి వానకు మంచిగ చిక్కబడ్డది" అనో ఒక మాటని లేస్తుంది. అన్నం పేరుకే, రెండు ముద్దలు. తాగిన చేత్తో ఆమె ముట్టినదల్లా కాసేపు జుమ్మంటుంది, చెంబయినా తలుపు గొళ్లెమైనా. భారతి కాపురానికొచ్చిన కొత్తలో రెండుమూడు సార్లు ఉలిక్కిపడింది. ఆ తర్వాత చెయ్యి విదిలించుకొని, "అత్తమ్మ ముట్టినట్టుంది" అని పని చేసుకుపోయేది.

ఆ ఏడు, అంటే ఎనభై నాలుగులో, జూలై నెలకు అరవై నాలుగు యూనిట్లొచ్చాయి.

ఉప్పలయ్య మూడుసార్లు కూడాడు. వానలు పడుతున్నాయి, ఫ్యాను వేసుకునేదే తక్కువ. పైగా మిర్చి సీజను అయిపోయి యార్డులో పని వారానికి రెండు రోజులకు పడింది. ఇట్లాంటప్పుడే ఇరవై ఎనిమిది యూనిట్లు ఎక్కువ రావాలా? మీటరే పాడయిందేమోనని, పక్కనున్న మెయిన్ స్విచ్చు పిడి కిందికి గుంజాడు. చక్రం ఆగింది. పైకి నెట్టాడు, తిరిగింది. మళ్లీ గుంజాడు, ఆగింది.

"మీటరు మంచిగున్నది. ఇల్లు మంచిగున్నది. ఎవరో తాగుతాండ్రు" అన్నాడు.

మెయిన్ బంద్ చేస్తే ఏ ఇంటి మీటరైనా ఆగుతుందని, స్విచ్చులన్నీ ఆర్పి మెయిన్ మాత్రం ఉంచి చూడాలని ఆ మహానుభావుడికి తట్టలేదు. పోయి కొమురెల్లిని అడిగినా చెప్పేవాడు. అడిగితే చిన్నతనం గదా!

ఇక్కడ మీకొక సంగతి చెప్పి ముందుకు పోతాను. ఉగాదికి ముందు, పెరట్లో బాత్రూముకు ఒక బుగ్గ కావాలని భారతి అడిగింది. కొమురెల్లిని పిలిస్తే కూలి ఇవ్వాలి. అందుకని ఉప్పలయ్య తానే పాత వైరొకటి వంటింట్లోంచి బాత్రూము దాకా లాగాడు. అది మధ్యలో సాగకుండా, బట్టలారేసే ఇనుప తీగ దండేనికి సుతిలితో చుట్టాడు. దండెం రెండో కొస రైలు పట్టా ముక్కకు కట్టి ఉంది. కాజీపేటలో పాత సామాను కింద కొన్న ముక్క, భూమిలో మూడడుగులు పాతింది. ఎండాకాలమంతా ఏమీ కాలేదు. వానగాలికి వైరు దండేనికి రాసుకొని రాసుకొని తొడుగు అరిగింది. అప్పటినుంచి రాత్రనక పగలనక కరెంటు దండెం మీదుగా పట్టా ముక్కలోకి, అక్కణ్ణుంచి తడి నేలలోకి పోతూనే ఉంది. దండెం జుమ్మంటోంది. బట్టలారేసినప్పుడల్లా భారతి చెయ్యి విదిలించుకొని, "అత్తమ్మ ముట్టినట్టుంది" అనుకుంటోంది. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ ఇంట్లో ముగ్గురికీ తెలియదు.

ఆ సాయంత్రం కట్టమ్మ బుగ్గ ఊడదీయబోతుంటే ఉప్పలయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అవ్వా, దినాం ఎంతసేపు తాగుతాన్నవే?"

"ఎప్పటంతనే కొడకా. ఏమాయె?"

"ఇరవై ఎనిమిది యూనిట్లు ఎక్కువొచ్చినయ్."

"నేను తాగలే."

"మరెవరు తాగిండ్రు? నేను తాగిన్నా? భారతి తాగిందా? ఇంట్ల కరెంటు తాగేది నువ్వొక్కదానివే గదా."

కట్టమ్మ చెయ్యి హోల్డరు దాకా పోయి ఆగింది. కొడుకు మొఖం చూసింది, అతని చెవిలో పెన్సిలు చూసింది. బుగ్గను మళ్లీ బిగించేసింది.

"నా కడుపు నాకు తెల్వదా బిడ్డా? ఇయ్యాల్టి సంది ముట్ట. ఆ మూడు యూనిట్లు సుత నీకే మిగలనీ."

వంటింట్లోకొచ్చి కోడలి పక్కన పీట మీద కూలబడింది. "తొమ్మిది నెలలు మోసిన, భారతీ. వాడెన్ని పాలు తాగిండో నేనెన్నడన్న లెక్కబెట్టిన్నా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. భారతి అత్త వీపు నిమిరింది. భర్తనూ ఏమీ అనలేకపోయింది, ఎందుకంటే ఆమెకూ లోపల అనుమానమే.

ఆగస్టు నెల ఆ ఇంట్లో భారంగా నడిచింది. కట్టమ్మ మాట మీద నిలబడింది. వారం తిరిగేసరికి గోడ పట్టుకోనిదే లేవలేకపోయింది. కళ్లు లోపలికి పోయాయి, మాట పీలగా అయింది. భారతి జావ కాచి పెడితే రెండు గుక్కలు మింగి చాలంటుంది. ఉప్పలయ్య చూసేవాడు, చూసి మొఖం తిప్పుకునేవాడు. తప్పు ఒప్పుకుంటే తానే హోల్డరు అందిద్దామని అతని పంతం. చేయని తప్పును ఆమె ఎట్లా ఒప్పుకుంటుంది!

దండెం మాత్రం రోజురోజుకు ఎక్కువే జుమ్మంటోంది. ఒకరోజు తడి చీర వేస్తుంటే భారతికి మోచెయ్యి దాకా గుంజింది. మనసులో ఆగక రాత్రి భర్తతో అనేసింది.

"అత్తమ్మ తాగుతలేనంటాంది గని, దండెం మునుపటికన్న ఎక్కువ జుమ్మంటాందయ్యా."

ఆ మాట ఎందుకన్నానా అని ఆమె తర్వాత చాలా ఏడ్చింది. ఐదో తారీఖున కార్డు మీద అంకె చూస్తే ఎనభై ఒక్క యూనిట్లు. ఉప్పలయ్య స్టూలు తన్నేసి లేచాడు.

"తాగుతలేనని ఒట్టు పెడతివి. దొంగతనంగ తాగుతాన్నవా? అబద్ధమాడుతాన్నవా ఈ వయసుల?"

మంచం మీంచి కట్టమ్మ చెయ్యి ముందుకు చాపింది.

"ముట్టి సూడు కొడకా. ఒక్కపారి ముట్టి సూడు. కరెంటున్న చెయ్యా ఇది?"

ఉప్పలయ్య ముట్టలేదు. భారతి వచ్చి పట్టుకుంది. బావి నీళ్లలా చల్లగా ఉంది చెయ్యి. జుమ్మనడం కాదు గదా, పట్టుకుంటే తిరిగి పట్టుకునే సత్తువ కూడా లేదు.

"ఏం లేదయ్యా. సల్లగున్నది" అంది భారతి.

"నువ్వు నడుమ మాట్లాడకు. రేపు పదకొండు గంటల బస్సుకు అవ్వను మరిపెడ తీస్కపోత. సమ్మమ్మ దగ్గర పది దినాలుండొస్తది."

సమ్మమ్మ కట్టమ్మ కూతురు. ఆమెది మరిపెడ అవతల పల్లె, వాళ్ల వాడకట్టుకు ఇంకా కరెంటు స్తంభమే రాలేదు. అక్కడ పది రోజులంటే ఈమెకు ఏమవుతుందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తెలిసే ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. కట్టమ్మ "నాయి రెండు చీరలున్నయ్, మూట గట్టు బిడ్డా" అని కోడలికి చెప్పి గోడకు తిరిగి పడుకుంది.

ఆ రాత్రి గాలి బాగా వీచింది. తెల్లారి కూడా తుంపర ఆగలేదు. పది గంటలకు కట్టమ్మ వెనక గుమ్మంలో మూట పక్కన పెట్టుకొని కూర్చుంది. ఉప్పలయ్య అంగీ వేసుకుంటున్నాడు. పడసాలలో రేడియో పాడుతోంది. అత్త రెండో చీర దండెం మీదే ఉందని గుర్తొచ్చి భారతి పెరట్లోకి పోయింది. చెప్పులు లేవు, కాళ్ల కింద నీళ్లు. గాలికి రాత్రి వైరు తొడుగు పూర్తిగా చిరిగిపోయి ఉంది. చీర తీద్దామని ఆమె దండేన్ని పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి మళ్లీ రాలేదు.

అరవలేకపోయింది. ఒళ్లంతా కొయ్యబారి, పళ్లు గిట్టకరిచి, కళ్లు తెరుచుకొని అట్లనే నిలబడిపోయింది. ఉప్పలయ్య గుమ్మంలోకొచ్చి చూశాడు. "భారతీ!" అని ఒక్క దుముకు దుమికాడు.

"ముట్టకురా!" అని కట్టమ్మ అతని పంచె పట్టి గుంజింది. నెలరోజులుగా పీలగా ఉన్న గొంతు వాడంతా వినబడింది. "ముడితే ఇద్దరు పోతరు! మెయిన్ గుంజు పో! ఉరుకు!"

అతను బిగుసుకుపోయి నిలబడితే మూటతో వీపు మీద ఒక్కటి పెట్టింది. అప్పుడు ఉరికాడు. వంటిల్లు దాటి, అర్ర దాటి, పడసాలలోకి.

కట్టమ్మ లేచింది. గోడ పట్టుకోకుండా లేచింది. తడి మన్నులో నాలుగడుగులేసి, కోడలి చెయ్యికీ వైరు చిరిగిన చోటికీ మధ్యలో దండేన్ని రెండు చేతులా పట్టుకుంది. కళ్లు మూసుకొని తాగడం మొదలుపెట్టింది.

పడసాలలో రేడియో గొంతు సన్నగిల్లి ఆగిపోయింది. ఉప్పలయ్య మీటరు ముందుకు చేరేసరికి చక్రం మీద ఎర్ర గీత కనబడటం లేదు, అంత జోరుగా తిరుగుతోంది. నెలరోజుల వాన చెమ్మకు తుప్పు పట్టిన మెయిన్ పిడి ఒకసారి గుంజితే రాలేదు. రెండోసారి రాలేదు. "అవ్వా, అవ్వా" అంటూ మొత్తం బరువేసి వేలాడాడు. అప్పుడు కిందికొచ్చింది.

పెరట్లోకి తిరిగొచ్చేసరికి భారతి నేల మీద పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. అరచేతి మీద నల్లగా ఒక చార, అంతే. కట్టమ్మ దండెం పట్టుకొని ఇంకా నిలబడే ఉంది. తెల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భుజాల మీద పడిన తుంపర సుయ్యిమని ఆవిరవుతోంది.

"ముందు పిల్లను దవాఖానకు తీస్కపో. నా దిక్కేం జూస్తవ్?" అని కసిరింది.

దవాఖానలో చేతికి పట్టీ కట్టి, ఏం ఫికర్ లేదని పంపించారు. మధ్యాహ్నం కొమురెల్లి వచ్చాడు. దండెం దగ్గరికి ఎవర్నీ పోవద్దని చెప్పి, ఇంట్లో స్విచ్చులన్నీ ఆర్పి, మెయిన్ పైకి నెట్టి, ఉప్పలయ్యను మీటరు ముందు నిలబెట్టాడు.

"సూడన్నా. ఒక్క బుగ్గ లేదు, ఫ్యాను లేదు. సక్రం తిరుగుతాందా లేదా?"

తిరుగుతోంది.

"మెయిన్ బంద్ జేసి సూసిన కొమురెల్లీ. ఆగింది."

"అది బంద్ జేస్తె ఏ మీటరన్న ఆగుతదే! రెండు నెలల సంది నీ కరెంటు భూమి తాగింది. నువ్వు గుంజిన వైరు, నువ్వు కట్టిన సుతిలి. అవ్వను ఎందుకంటివి?"

మెయిన్ బంద్ చేసి అతను పెరట్లో వైరు కోసేశాడు. మళ్లీ మెయిన్ వేస్తే చక్రం కదల్లేదు. ఉప్పలయ్య దాని ముందు ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. పదకొండు గంటల బస్సు ఎప్పుడో పోయింది.

సాయంత్రం భారతి మంచం మీద పడుకొని ఉంది. కట్టమ్మ పక్కన కూర్చొని జావ తాగిస్తోంది. కప్పు పట్టుకునేందుకు గుడ్డ చుట్టుకుంది, ఒంట్లో వేడి ఇంకా దిగలేదు. ఉప్పలయ్య వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆమె పాదాలు పట్టుకున్నాడు. చేతులు భుజాల దాకా జుమ్మన్నాయి, అయినా వదల్లేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కట్టమ్మ కప్పు కింద పెట్టింది. అతని తల మీద చెయ్యి వేయబోయి, కాలుతుందేమోనని ఆగి, కొంగు అడ్డం పెట్టి నిమిరింది.

"ఇయ్యాల తాగినయి నా లెక్కల రాయకు కొడకా" అంది. "నేను ఆకలైతాందని తాగలే."