ఓనరుకూ ఆవిడే డాక్టరు

పెద్దవయసులో నేర్చుకున్న అక్షరాలివి. మెల్లగా కూడబలుక్కుని రాశాను. తప్పులు దొర్లితే దిద్దుకుని చదవండి.

దూది ఏకే మిషను దగ్గర ఆమెకు మళ్ళీ దగ్గు తెర వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. పరుపుల కార్ఖానాలో దగ్గు వినపడకూడదు. ఇదివరకు ఆ మిషను దగ్గర పనిచేసిన మనిషిని, దగ్గుతోందని తెలిసిన మర్నాడే ఓనరు పనిలోంచి తీసేశాడు.

మధ్యాహ్నం కడుపునొప్పని అబద్ధమాడి, తోటికోడలిని వెంటబెట్టుకుని వీధి ఆసుపత్రికి వచ్చింది. ఈమధ్య నగరంలో ఒక్కో వీధికి ఒక్కో డాక్టరును కేటాయించారు. ఇంటిల్లిపాదినీ ఆ డాక్టరే చూడాలి. ఆ డాక్టరు రాసిచ్చిన చీటీ లేనిదే పెద్దాసుపత్రిలో గడప తొక్కనివ్వరు.

బయట బల్ల మీద ఓనరు డ్రైవరు కూర్చుని ఉన్నాడు, అయ్యగారి మందుల కోసం.

"చూశావా? ఆయనకూ ఈవిడే డాక్టరు," తోటికోడలు చెవిలో గొణిగింది. "నువ్విక్కడ తుమ్మితే ఆయనక్కడ చిరంజీవ అంటాడు."

"మరేం చెప్పనక్కా?"

"ఇంట్లో వంట చేసుకుంటున్నానని చెప్పు. తప్పంతా పొయ్యి మీదకి తోసెయ్. అదేం ఎదురు మాట్లాడదు."

లోపల డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "ఏం పని చేస్తావమ్మా?"

"ఇంటి పట్టునే ఉంటానండీ. వంట పొగ."

"మొన్న మీ అత్తగారొచ్చింది. వంటంతా తనే చేస్తానంది. ఆవిడకి దగ్గు లేదే?"

ఆమెకు అనుమానమొచ్చింది. ఇళ్ళ గుట్టంతా ఒకచోట పోగెయ్యడానికే ఈ ఏర్పాటు చేశారు కాబోలు.

"ఊపిరితిత్తులు పాడవుతున్నాయమ్మా. దేనివల్లో చెప్పకుండా మందిమ్మంటే చీకట్లో బాణం వేసినట్టే."

ఆమె డాక్టరమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది. "పరుపుల కార్ఖానా ఓనరుకేం జబ్బండీ?"

"అది నీకు చెప్పను."

"ఊరికే, తెలుసుకుందామని."

"ఎందుకడిగినా చెప్పను."

మాట కటువుగానే ఉంది. అయినా ఆమెకు కొంచెం ఊపిరాడింది. కొంచెమే. పెద్దవాళ్ళ గుట్టు ఎవరైనా దాస్తారు. పనివాళ్ళ గుట్టు దాచినవాళ్ళను ఆమె ఇంతవరకు చూడలేదు.

"ముందు ఆ తలుపెయ్యండి."

డాక్టరమ్మ లేచి వేసింది. గడియ ఎప్పుడో ఊడిపోయింది. తలుపు మళ్ళీ జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి డ్రైవరు చెప్పులు కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ తన కుర్చీ ఈడ్చుకొచ్చి, తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు."

ఆమె ఇంకా తలుపు వైపే చూస్తోంది.

— పరుపుల పెద్దమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు కూతురి దగ్గర, మేడ మీది గదిలో ఉంటున్నాను.